వాసన బల్ల

పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో మా అత్తయ్య నన్ను పక్కన కూర్చోమని పిలిచింది ఆ వేసవిలోనే. నేను పొంగిపోయాను. ఎవరైనా మనల్ని పక్కన కూర్చోబెట్టుకున్నారంటే మన మీద ఇష్టం కలిగిందనే అనుకుంటాం కదా. నేనూ అదే అనుకున్నాను.

మా షెడ్డు ఊరి చివర, పాత చెత్తకుప్పను ఆనుకుని ఉంటుంది. పైన రేకులు, కింద సిమెంటు, మధ్యలో మేం పద్దెనిమిది మందిమి. బండ్లు తెచ్చి పోసిన పొడి చెత్తను విడదీస్తాం. కాగితం ఒక మూలకు, ప్లాస్టిక్కు ఒక మూలకు, గాజు ఇంకో మూలకు. రేకు డబ్బాలు మాత్రం మా ఆయన దగ్గరకు పోతాయి. ఆయన ప్రెస్సు నడుపుతాడు. వందల డబ్బాలను ఒక్క దెబ్బకు నొక్కి, మంచం కింద పట్టేంత దిమ్మెగా చేసి పడేస్తుంది అది. రెండేళ్ళ కిందట అందులో దోమలమందు డబ్బా ఒకటి పేలి ఆయన ఎడమ కనుబొమ మాడిపోయింది. మళ్ళీ మొలిచింది గానీ కుడిదానంత ఒత్తుగా మొలవలేదు. దాంతో ఎప్పుడు చూసినా ఎదుటివాళ్ళను అనుమానిస్తున్నట్టు కనిపిస్తాడు. నిజానికి ఎవరేం చెప్పినా నమ్మేసే మనిషి.

ఆ ఏడాది కొత్త నిబంధనలు వచ్చాయి. ఇళ్ళలోనే చెత్తను మూడుగా విడగొట్టి ఇవ్వాలి: తడిది, పొడిది, ప్రమాదకరమైనది. రంగుల డబ్బాలు, పురుగుమందు సీసాలు, బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు, ఇవన్నీ ఆ మూడో రకం. వాటిని మా షెడ్డులో ఎర్ర డ్రమ్ముల్లో వేసి మూత బిగించాలి. శుద్ధి చేసే చోటికి వేరే లారీ వచ్చి తీసుకెళ్తుంది. మూడు నెలలు ఏ ప్రమాదమూ లేకుండా నడిపి చూపిస్తే షెడ్డును మా పద్దెనిమిది మందికే అప్పగిస్తామన్నారు. లేదంటే ఏదో కంపెనీ వస్తుంది, మేం మళ్ళీ కుప్ప మీదకు పోతాం.

నిబంధనలు రాసినవాళ్ళు మంచివాళ్ళే అయ్యుంటారు. కానీ చెత్తబండి వెనక ఎప్పుడూ నిలబడినట్టు లేదు. జనం మూడు బుట్టలు కొన్నారు, మూడింట్లోనూ అన్నీ కలిపి వేశారు. లేబుల్ ఊడిన డబ్బా, సొట్టపడిన డబ్బా, వంటనూనె డబ్బాలో పోసి దాచుకున్న ఇంకేదో. లోపల ఏముందో పోసినవాడికే తెలియాలి. మా గోడకు బొమ్మలతో ఒక చార్టు అంటించారు. అందులో ఆరో వరస ఇది: 'ఏముందో తెలియని డబ్బా మూత తెరవరాదు. వాసన చూడరాదు. నేరుగా ఎర్ర డ్రమ్ములో వేయాలి.' అలాగే వేస్తే డ్రమ్ములు రెండు రోజుల్లో నిండిపోయేవి. లారీ వచ్చేది పదిహేను రోజులకోసారి. నిండిన డ్రమ్ములను ఎండలో పెట్టుకుని కాపలా కాయాలా?

అందుకని మేం ఆరో వరసను వదిలేసి మా అత్తయ్య ముక్కును నమ్ముకున్నాం.

ఆవిడను అందరూ ముక్కత్త అంటారు. ముప్పై ఏళ్ళు కుప్ప మీద ఏరి సంపాదించుకున్న పేరు అది. మూత తీసి, డబ్బాను ముక్కు దగ్గరకు తెచ్చుకుని, కళ్ళు సగం మూసి చెప్పేది. "థిన్నర్." "జిగురు, ఎండిపోయింది, పర్లేదు." "పురుగుమందు. మూత పెట్టు, అవతలికి జరుగు." షెడ్డు మధ్యలో ఆవిడ కూర్చునే బల్లకు వాసన బల్ల అనే పేరు స్థిరపడిపోయింది.

చలికాలంలో మాకు శిక్షణ ఇవ్వడానికి కాలుష్య నియంత్రణ బోర్డు నుంచి ఒక మేడమ్ వచ్చింది. చిన్న వయసు, పెద్ద బూట్లు. అత్తయ్య చేసే పని చూసి కేక పెట్టింది.

"ఏం చేస్తున్నారమ్మా! అది విషమైతే?"

"విషమైతే విషమని చెప్తాను," అంది అత్తయ్య.

వరసగా ఏడు డబ్బాలు చెప్పింది. ఏడూ సరిపోయాయి. ఎనిమిదోది మేడమ్ తనే వెతికి తెచ్చి ఇచ్చింది. అదీ సరిపోయాక ఇక ఆరో వరస ఊసు ఆమె కూడా ఎత్తలేదు. పైగా వేరే ఊళ్ళ నుంచి ఎవరైనా వస్తే "మా అమ్మను చూద్దురు రండి" అని వెంటబెట్టుకుని వచ్చేది.

నేను అప్పటిదాకా గేటు దగ్గర ఉండేదాన్ని. బండి ఆపి, బుట్టల్లోకి తొంగిచూసి, అన్నీ కలిపి తెచ్చినవాళ్ళతో పోట్లాడటం నా పని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి ఆ పని నాకు బాగా అచ్చొచ్చింది. మూడు నెలల గడువు మొదలైన వారానికి అత్తయ్య గేటు దగ్గరకు వచ్చింది.

"రేపట్నుంచి ఇక్కడ వద్దు. నా పక్కన కూర్చో."

"నేనా? ఎందుకత్తయ్యా?"

"పని నేర్చుకుంటావని. ఎల్లకాలం నేనే ఉంటానని రాసిచ్చానా?"

ఇంటికి వెళ్ళగానే మా ఆయనకు చెప్పాను. "చూశావా, ఇన్నాళ్ళకు మీ అమ్మ కంటికి ఆనాను," అన్నాను. "ఎప్పటికైనా ఆనకపోతావా," అని నవ్వాడు. పక్కింటివాళ్ళకూ చెప్పాను. ఆ ముక్క ఆ వారమంతా చెప్పుకుంటూనే తిరిగాను.

ఆవిడ నేర్పే తీరు మాత్రం వింతగా ఉండేది. మూత తీసి ముందు తను వాసన చూసేది, ఏమీ చెప్పేది కాదు. డబ్బాను నా చేతికిచ్చి "చూడు" అనేది. నేను ముక్కు దగ్గర పెట్టుకుంటుంటే నా ముఖంలోకి చూసేది. నేను నోరు తెరిచేలోగా తనే చెప్పేసేది: "థిన్నర్. డ్రమ్ములో వెయ్యి." ఒక్కసారి కూడా నన్ను చెప్పనిచ్చేది కాదు. నేర్పేవాళ్ళకు ఆ మాత్రం దర్జా ఉంటుందిలే అనుకున్నాను. రోజుకు వంద డబ్బాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. రెండో వారానికల్లా తలనొప్పి పట్టుకుంది. ఆ ఎండలో, ఆ రేకుల కింద, తలనొప్పి లేనిదెవరికి?

నెల తిరక్కుండానే అసలు సంగతి బయటపడింది. ఒక సెలవు రోజు పొద్దున బట్టలు ఆరేసి వంటింట్లోకి వస్తున్నాను. గుమ్మంలోనే గ్యాసు వాసన ముఖాన కొట్టింది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది, గ్యాసు బుస్సుమంటూ వస్తూనే ఉంది. పొయ్యికి రెండడుగుల దూరంలో అత్తయ్య కింద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. ఏదో పాట కూడా పాడుకుంటోంది.

పొయ్యి కట్టేసి, కిటికీలన్నీ తెరిచి, ఆవిడను రెక్క పట్టుకుని బయటకు లాక్కొచ్చాను.

"ఏమైందే? ఏమైంది?"

"గ్యాసత్తయ్యా! ఇల్లంతా గ్యాసు!"

ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "జలుబు చేసింది," అంది. "నిన్నట్నుంచి ముక్కు బిగిసిపోయింది."

గొంతు చూస్తే ఖంగున మోగుతోంది. జలుబూ లేదు, గిలుబూ లేదు. అబద్ధం చెప్పి, నేను నమ్మానో లేదోనని నా ముఖంలోకి చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. బల్ల దగ్గర రోజుకు వందసార్లు చూస్తున్నాను దాన్ని.

మధ్యాహ్నం దాకా కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. మా ఆయన ఏదో పని మీద బయటకు వెళ్ళగానే రెండు గ్లాసులు తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. ఒకదాంట్లో మంచినీళ్ళు, ఒకదాంట్లో వెనిగర్. చూడటానికి రెండూ ఒక్కలాగే ఉన్నాయి.

"వీటిలో నీళ్ళేవో చెప్పండి. తాగకుండా."

అత్తయ్య గ్లాసుల వంక చూడలేదు, నా వంకే చూసింది. నేనూ మొండిదాన్నే, పంతం పట్టి ముఖం కదలనివ్వలేదు. ఆవిడ ఒక గ్లాసు ఎత్తింది, ముక్కు దగ్గర పెట్టుకుంది, దించేసింది.

"నాకే పరీక్ష పెడతావా?" అంది. కోపంగా అందామనుకుంది, చేతకాలేదు. "నీ ముఖం ఉంటే చెప్పేదాన్ని. దాచేశావు."

"ఎన్నాళ్ళయింది?"

"ఆ నీలం డ్రమ్ము వచ్చిన రోజు నుంచి."

నాకు గుర్తుంది. చలికాలం చివర్లో, గడువు మొదలవడానికి కాస్త ముందు, ఎవరో ఒక నీలం ప్లాస్టిక్కు డ్రమ్ము తెచ్చి గేటు బయట వదిలిపోయారు. అత్తయ్య మూత తీసి ఒక్క ఊపిరి పీల్చింది. రెండు రోజులు ముక్కులోంచీ కళ్ళలోంచీ ఒకటే నీళ్ళు. మూడో రోజు తగ్గిపోయిందని చెప్పి పనిలోకి వచ్చేసింది.

"మరి ఇన్నాళ్ళూ ఎలా చెప్పారు?"

"బరువు చూసి. ఊపి చూసి. మూత ఏ రంగు తుప్పు పట్టిందో చూసి. అదీ తెలియకపోతే నిన్ను చూసి."

అప్పటికి గానీ నా బుర్రకు ఎక్కలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. వీధి వీధంతా గొప్పలు చెప్పుకుని తిరిగానే!

"అంటే నన్ను పిలిచింది నేర్పడానికి కాదన్నమాట. మీకు కావలసింది నేను కాదు, నా ముక్కు."

"కోడలివి కాబట్టే పిలవగలిగాను. పరాయివాళ్ళయితే వాళ్ళ ముఖంలోకి అంతసేపు చూడనిస్తారా?"

"అవతల ప్రెస్సు దగ్గరుంది మీ అబ్బాయి. మీరు తప్పు చెబితే?"

"చెప్పలేదుగా."

"చెబితే?"

"అందుకే కదే నిన్ను పిలిచింది!" అని అరిచేసింది. ఆ తర్వాత చేతిలో కొంగు నలుపుకుంటూ మెల్లగా అంది. "వాడికి చెప్పకు. ఈ గడువు గడవనీ. కాగితం చేతికొచ్చాక నేనే తప్పుకుంటాను. ముక్కత్త పనికిరాదని తెలిస్తే ఆ మేడమ్ సంతకం పెడుతుందా? అంతమందికి నేనేం సమాధానం చెప్పను?"

నేను ఒప్పుకున్నాను. పద్దెనిమిది కుటుంబాల సంగతి కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. కానీ నిజం అది కాదు. తొమ్మిదేళ్ళలో ఆవిడ నన్ను ఏదీ అడిగి ఎరగదు. మొదటిసారి అడిగింది, కాదనలేకపోయాను.

సంగతి తెలియక ముందు నా ముఖం దాని పని అది చేసుకుపోయేది. తెలిశాక దాన్ని ఎలా పెట్టుకోవాలో పాలుపోలేదు. థిన్నరుకు కళ్ళు చికిలించాలి, పురుగుమందుకు పెదవి విరవాలి, మామూలు డబ్బాకు ఊరుకోవాలి. పాఠం అప్పజెప్పినట్టు చేస్తుంటే అత్తయ్య పళ్ళ బిగువున కసిరేది. "ఏంటా వేషాలు? మామూలుగా ఉండవే!" షెడ్డు తాళాలు చూసుకునే బాబాయి ఒకాయన ఉన్నాడు, పనికంటే కబుర్లు ఎక్కువ. ఒకరోజు బల్ల దగ్గరకు వచ్చి, "ఏమ్మా, అత్త పక్కన కూర్చున్నందుకే ముఖం అన్ని వంకర్లు పోవాలా?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. అందరికంటే గట్టిగా అత్తయ్యే నవ్వింది.

నాకు మాత్రం స్థిమితం పోయింది. ప్రెస్సు పలక కిందకు దిగుతుంటే ఊపిరి బిగబట్టేదాన్ని, అది మళ్ళీ పైకి లేచేదాకా వదిలేదాన్ని కాదు. ఇంట్లో కూర్చుంటే లేచేదాన్ని. లేచాక ఎందుకు లేచానో మరిచిపోయి మళ్ళీ కూర్చునేదాన్ని. ఒకరోజు ఒక డబ్బా గురించి అనుమానం పురుగులా తొలిచేస్తుంటే తట్టుకోలేక ప్రెస్సు దగ్గరకు పరుగెత్తాను. అందులో వేసిన డబ్బాలన్నీ బయటకు తీయమన్నాను.

"ఏం పోయిందే?" అన్నాడు మా ఆయన.

"నా ఉంగరం."

"వేలికే ఉందిగా?"

పాపం ఆయన నవ్వుకుంటూ డబ్బాలన్నీ మళ్ళీ వేసుకున్నాడు. వెనక్కి వచ్చి కూర్చుంటే అత్తయ్య నా వైపు తిరగలేదు. "నువ్వు ఇలా చేస్తే వాడికి తెలిసిపోతుంది," అని మాత్రం అంది.

"తెలిస్తే తెలియనీండి."

"ఇంకో నెల."

ఆ నెల ఎంతకీ తరగలేదు. ఎండ ముదిరింది. డబ్బాలు వేడెక్కి మూత తీయగానే ఆవిరి ఎగిసి ముఖానికి కొట్టేది. తలనొప్పి రోజూ ఉన్నదే అయింది. గడువు ఇంకో వారంలో ముగుస్తుందనగా టీ వేడినీళ్ళలా అనిపించడం మొదలైంది. పొడి తక్కువ వేశానేమో అనుకున్నాను. మర్నాడు ఎక్కువ వేశాను. మా ఆయన ఒక గుక్క తాగి, "ఇదేంటే, చేదు విషం," అని పక్కన పెట్టేశాడు. నేను గ్లాసు మొత్తం తాగేశాను. ఎండ దెబ్బకు నోరు చచ్చిపోయిందని ఐదు రోజులు సరిపెట్టుకున్నాను. దాని గురించి అంతకంటే ఆలోచించలేదు. ఆలోచించదలుచుకోలేదు అంటే సరిగ్గా ఉంటుంది.

ఆరో రోజు మేడమ్ నలుగురు పెద్ద అధికారులను తీసుకుని వచ్చింది. షెడ్డు నీళ్ళతో కడిగాం. అందరం చేతులకు తొడుగులు, ముఖాలకు గుడ్డలు కట్టుకున్నాం. బల్ల దగ్గర ఉన్న మా ఇద్దరికీ మాత్రం గుడ్డలు లేవు. అధికారులు డ్రమ్ములు చూశారు, లారీ చీటీలు చూశారు, తలలాడించారు. మేడమ్ ముఖం వెలిగిపోతోంది.

"అమ్మా, ఒక్కసారి వీళ్ళకు చూపించండి," అంది.

తాళాల బాబాయి గుట్టలోంచి నాలుగు డబ్బాలు తెచ్చి పెట్టాడు. మొదటిదాని మీద బ్రష్షు బొమ్మ సగం మిగిలి ఉంది. థిన్నరని దూరం నుంచే తెలుస్తోంది. నేను వాసన చూసి కళ్ళు చికిలించాను. అత్తయ్య చెప్పింది. రెండోది నూనె కారి జిడ్డోడుతోంది. మూడోదాని మూత చుట్టూ తెల్లటి పొడి ఉంది, పెదవి విరిచాను. అత్తయ్య చెప్పింది. అధికారుల్లో ఒకాయన నోరు వెళ్ళబెట్టి చూస్తున్నాడు.

నాలుగోది చదరపు డబ్బా. లేబుల్ లేదు, పొడీ లేదు, జిడ్డూ లేదు. అత్తయ్య మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, నా చేతికిచ్చింది. నేను వాసన చూశాను. ఏమీ రాలేదు. ముఖం ఊరుకుంది. అత్తయ్య నన్ను ఎప్పుడూ చూసేదానికంటే ఎక్కువసేపు చూసింది. పక్కన అంతమంది ఉన్నారని కాబోలు, చివరికి "మామూలుదే" అంది. నేనే మూత నొక్కి పెట్టి ప్రెస్సు తట్టలో వేశాను. మా ఆయన తట్ట ఎత్తి ప్రెస్సులో గుమ్మరించి, మీట మీద చెయ్యి వేశాడు.

"ఆపరా!" అంది అత్తయ్య.

ఆయన చెయ్యి తీసేశాడు. ఆవిడ బల్ల మీది పురుగుమందు డబ్బా తీసి, మూత తెరిచి, నా ముక్కు కింద పెట్టింది. అది ఎంత ఘాటైనదో ఎదురుగా నిలబడిన అధికారి తల తిప్పుకోవడంలో తెలిసింది. నాకు మాత్రం గాలి తప్ప ఏమీ అందలేదు.

"మొదటి మూడింటికీ నటించావు," అంది అత్తయ్య. "నాలుగోదానికి ఏం నటించాలో నీకు తెలియలేదు. అవునా?"

నేను తల ఊపాను.

"ఎన్నాళ్ళయిందే?"

ఆ మాట నేను ఆవిడను అడిగినదే. "వారం కావొస్తోంది," అన్నాను.

ఇదంతా ప్రదర్శనలో భాగమని అనుకున్నారో ఏమో, ఒకాయన చప్పట్లు కొట్టబోయి ఆగాడు. అత్తయ్య డబ్బాకు మూత పెట్టి, బల్ల మీద సరిగ్గా సర్ది, మేడమ్ వైపు తిరిగింది.

"నాకు వాసన తెలిసి మూడు నెలలు దాటింది మేడమ్. ఈ పిల్ల ముఖం చూసి చెప్తున్నాను. ఇప్పుడు దీనిదీ పోయింది, నా వల్ల పోయింది. ఇక్కడ వాసన చూసేవాళ్ళు ఎవరూ లేరు. అలాగే రాసుకోండి."

తర్వాత కుళాయి దగ్గరకు వెళ్ళి చేతులు కడుక్కుంది. మా ఆయన ప్రెస్సులో వెతికి చదరపు డబ్బాను బయటకు తీశాడు. ఊపి చూశాడు, మూత కాస్త ఎత్తాడు, చటుక్కున ముఖం వెనక్కి లాక్కున్నాడు. దాన్ని తీసుకెళ్ళి ఎర్ర డ్రమ్ములో పెట్టి, మూత బిగించి, అక్కడే చతికిలబడ్డాడు. అందులో ఏముందో ఆయన మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు.

అనుమతి రాలేదు. పోనూ లేదు. వానాకాలం చివరిదాకా వాయిదా వేశారు. మేడమ్ నివేదికలో మా మీదకు ఏమీ నెట్టలేదు, తన తప్పే రాసుకుంది. నిబంధనకు విరుద్ధమని తెలిసీ నేనే ప్రోత్సహించాను, అతిథులను పిలిచి చూపించాను అని రాసి మాకు చదివి వినిపించింది కూడా. వాసన బల్లను తీసేశారు. తెలియని డబ్బా ఏదైనా ఇప్పుడు మూత తీయకుండా డ్రమ్ములోకే పోతుంది. లారీ వారానికి రెండుసార్లు వస్తోంది. కుదరదు, కుదరదు అని ఎన్నిసార్లు చెప్పారో ఆ లారీ గురించి! మూడు వారాల్లో కుదిరింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఒక ముసలావిడ ముక్కు ఊరికే దొరికినన్నాళ్ళూ ఆ లారీ ఎవరికీ గుర్తు రాలేదు.

షెడ్డులో కొందరు వారం పాటు మాతో మాట్లాడలేదు. మా ఆయన మూడు రోజులు. నాలుగో రోజు టీ తాగుతూ వాళ్ళమ్మను అడిగాడు. "నాకు చెప్తే ఏమయ్యేది?"

"నన్ను ఇంట్లో కూర్చోబెట్టేవాడివి."

"అవును, కూర్చోబెట్టేవాణ్ణి."

"మరదే," అంది ఆవిడ.

డాక్టరు నా ముక్కులోకి లైటు వేసి చూసి, ఆ గాలికి దూరంగా ఉంటే నెలా రెండు నెలల్లో తిరిగి రావచ్చన్నాడు. అత్తయ్య ముక్కులోకి చాలాసేపు చూశాడు. ఆయన లైటు ఆర్పి ఏదో అనబోతుంటే ఆవిడ లేచి నిలబడింది. "నాకు తెలుసులెండి," అని చెప్పులు వేసుకుంది. నన్ను మళ్ళీ గేటు దగ్గరకు పంపారు. ఆవిడ గాజు సీసాల మూలకు వెళ్ళింది.

రోజూ పొద్దున్నే నా దగ్గరకు ఏదో ఒకటి తెచ్చేది. సబ్బు ముక్క, నిమ్మకాయ చెక్క, కాలిన అగ్గిపుల్ల. "వచ్చిందా?" "లేదు." సరేనని వెళ్ళిపోయేది. తన గురించి ఒక్క మాట కూడా అనేది కాదు.

నలభయ్యో రోజునో ఏమో, మధ్యాహ్నం ఉతికిన దుప్పటి మడత పెడుతుంటే ఎండ తగిలిన బట్ట వాసన వచ్చింది. దుప్పటిని ముఖానికి అదుముకుని అలాగే నిలబడిపోయాను. మరుక్షణం భయమేసింది. పక్క గదిలో ఆవిడ ఉంది. నాకు వచ్చిందని ఏ ముఖం పెట్టుకుని చెప్పను? రెండు రోజులు సబ్బు ముక్కకూ, నిమ్మకాయకూ "లేదు" అనే చెప్పాను. కడుపులో ఏదో దొంగసొత్తు దాచుకున్నట్టు ఒక్కచోట నిలవలేకపోయాను.

మూడో రోజు పొద్దున అత్తయ్య కాఫీపొడి సీసా తెచ్చింది. నా ముక్కు దగ్గర పెట్టి, సీసాను కాకుండా నన్ను చూసింది.

"ఎప్పట్నుంచి?" అంది.

నాకు ఏడుపొచ్చేసింది. "మొన్నట్నుంచి."

"మరి చెప్పవేమే, దరిద్రపు మొహమా! నాకు లేదని నీది దాచుకుంటావా?" వీపు మీద ఒక్కటి చరిచింది. ఇంకోటి చరిచింది. తనూ కళ్ళు తుడుచుకుంది. కాసేపు సీసా మూత బిగించడం, తీయడం చేసింది. తర్వాత లేచి వెళ్ళి గది తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పు."

"ఏంటత్తయ్యా?"

"నా దగ్గర కుప్ప వాసన వస్తోందా?"

నాకు అర్థం కాలేదు.

"ఇదివరకు పని నుంచి రాగానే నాకే తెలిసేది. రుద్దుకుని కడుక్కునేదాన్ని, పోయిందో లేదో చూసుకునేదాన్ని. ఇప్పుడెలా తెలుస్తుంది? రెండేసి పూటలు స్నానం చేస్తున్నాను. అయినా నమ్మకం లేదు. వాణ్ణి అడిగితే లేదనే అంటాడు, కొడుకు కదా. మీరు తినే చోట నేను కంపు కొడుతుంటే..."

అన్నాళ్ళూ ఆవిడ కంచం తీసుకెళ్ళి గుమ్మం దగ్గర కూర్చుని తింటుంటే గాలి కోసమని అనుకున్నాం. దాదాపు ఐదు నెలలు. నేనూ మా ఆయనా లోపల కూర్చుని తింటూ, ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు.

నేను దగ్గరకు జరిగి ఆవిడ మెడ వంపులో ముఖం పెట్టాను. మెల్లగా, పూర్తిగా ఊపిరి తీసుకున్నాను.

"సబ్బు," అన్నాను. "కాస్త చెమట."

"ఇంకా?"

"ఇంకేం లేదత్తయ్యా."

ఆవిడ నా మాట పట్టించుకోలేదు. నా గడ్డం పట్టుకుని ముఖాన్ని కిటికీ వెలుగు వైపు తిప్పి చూసింది. కళ్ళు, ముక్కు, పెదవులు, అన్నీ ఒక్కొక్కటిగా చూసింది. ఆ రోజు మధ్యాహ్నం కంచం తెచ్చుకుని మా ఇద్దరి మధ్యన కూర్చుంది.